సున్నా మీద మోజు

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టినవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో ట్యాంకు నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు మారుతుందేమోనని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూస్తారు. రంగు రాకపోతే మొహం విప్పారుతుంది. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. సున్నా వచ్చిందని మనిషి సంబరపడే చోటు లోకంలో ఇదొక్కటే అనుకుంటాను.

నాకు ఆ సున్నా మీద పెద్దగా గౌరవం లేదు. నా ట్యాంకు కింద, చెక్క తలుపు వెనకాల, ఒక ముద్ద సముద్రపు నాచు పెరుగుతుంటుంది. సున్నా గురించి నా అభిప్రాయాలన్నీ అది పెట్టిన భిక్షే.

మాది విశాఖపట్నం. మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. అయినా నేను ఉప్పు పాకెట్లు కొని, ఆర్వో నీళ్లలో పోసి, డ్రమ్ములో చిన్న పంపు పడేసి కలుపుతాను. మా వీధికి చేపలు తెచ్చే జాలరిపేట పెద్దాయన ఒకసారి ఆ డ్రమ్ము చూశాడు. "ఏటి బాబూ, అంత సముద్రాన్ని ఎదరెట్టుకుని ఉప్పు కొంతన్నారేటి!" అని నవ్వాడు. ఆయన నవ్వులో న్యాయం ఉంది. నా దగ్గర జవాబూ ఉంది గానీ ఆయన ముందు చెప్పడానికి నోరు రాలేదు. వానలు తగ్గుముఖం పట్టాక, అక్టోబరు నవంబరు నెలల్లో, ఉత్తరాన గంగ, బ్రహ్మపుత్ర బంగాళాఖాతంలో పోసిన మంచినీళ్లు ఒడ్డు వెంబడే దక్షిణానికి దిగుతాయి. మన తీరంలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ఇక్కడి రాళ్లమీద పుట్టి పెరిగిన ప్రాణులకు అది ఏటేటా ఉన్న సంగతే. గాజు తొట్టిలో ఉన్నవాటికి మాత్రం లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, 25, 26 డిగ్రీల వేడి ఏడాది పొడుగునా కదలకుండా ఉండాలి. పైగా మాది రేవు ఊరు. ఒడ్డునీళ్లలో ఇంకేమేం కలుస్తాయో ఆ పెద్దాయనకే నాకంటే బాగా తెలుసు.

ట్యాంకు అంచు పొర్లిన నీళ్లు గొట్టంలోంచి కింద ఇంకో తొట్టిలోకి దిగుతాయి. దాన్ని సంపు అంటాం. అందులో గాజు పలకలు అడ్డం పెట్టి మూడు గదులు చేస్తారు. మొదటి గదిలో నీళ్ల మురికిని గాలిబుడగలతో లాగే స్కిమ్మరు బుసబుసమంటూ గోధుమరంగు నురగ కక్కుతుంటుంది. చివరి గదిలో పంపు నీళ్లను మళ్లీ పైకి తోస్తుంది. నడిమి గది నాచుది. చేపల నోటికి దొరక్కుండా చిన్నా చితకా ప్రాణులు తలదాచుకునే చోటు కాబట్టి రెఫ్యూజియం అని పేరు పెట్టారు.

ఇందులో ఒక తమాషా ఉంది. పైన రాతి మీద వెంట్రుకల్లాంటి నాచు మొలిస్తే టూత్ బ్రష్షు పుచ్చుకుని యుద్ధానికి దిగుతాం. కింద ఇంకో జాతి నాచుకు దీపం పెట్టి, మందులు పోసి, ఎవరినీ ముట్టనివ్వకుండా సాకుతాం. రెండింటి తిండీ ఒకటే. కిందది ముందు తినేస్తే పైదానికి మిగలదన్నది మన ఎత్తు. కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. చాలా ఇళ్లలో జరిగేది మాత్రం తిరకాసు: పైది బలుస్తుంది, కిందది చస్తుంది.

ఎందుకు చస్తుందో తెలియాలంటే ముందు దాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. అందరూ కీటో అనే ఈ నాచు పూర్తి పేరు కీటోమార్ఫా. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. చిక్కుబడ్డ పచ్చదారం, అంతే. ఒక్క పోగు లాగి భూతద్దం కింద పెడితే కణం తర్వాత కణం ఒకే వరుసలో కనిపిస్తాయి. పక్కకు కొమ్మ అన్నమాటే లేదు. ఒక్కో కణం ఎంత పెద్దదంటే, నడుమ అడ్డుగోడలు చూడటానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. ఒంట్లో బాగున్నప్పుడు ముదురు పచ్చగా ఉంటుంది, పిడికిట్లో నొక్కితే గరగరలాడుతుంది, వదిలేస్తే మళ్లీ పొంగుతుంది. దీపం వెలిగిన కాసేపటికి పోగుల సందుల్లో ప్రాణవాయువు బుడగలు చిక్కుకుని ముద్దంతా పైకి తేలుతుంది. నలతగా ఉన్నప్పుడు రంగు ముందు లేతబడుతుంది, తర్వాత పసుపు తిరుగుతుంది. పోగులు మెత్తనై, చివర్లు లోపల ఏమీ లేనట్టు తెల్లగా పారదర్శకమైపోతాయి. ఆ దశలో ముట్టుకుంటే ముక్కలు చేతికి రావు, నీళ్లలో చెదిరిపోతాయి. పంపు నోట్లో అడ్డం పడేవి అవే.

బాగున్న ముద్దను తెల్ల పళ్లెంలో పరిచి, కొంచెం నీళ్లు పోసి, ఓపిగ్గా చూడాలి. ఒక పక్కకు ఒరిగి ఈదే ఆంఫిపాడ్లు ముందు బయటపడతాయి. తర్వాత సుద్దచుక్కలంత కోపిపాడ్లు పళ్లెం గోడవారగా గబగబా జరుగుతాయి. రోమాల పురుగు ఒకటి తాపీగా పోగుల్లోంచి తల బయటపెట్టి, వెలుతురు నచ్చక, మళ్లీ లోపలికి పోతుంది. గోరంత పెళుసు నక్షత్రం (బ్రిటిల్ స్టారు) అయిదు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి చాపి తనెక్కడున్నదో తడుముకుంటుంది. ఇంతమందికి అన్నం, నీడ ఆ ముద్దే. ఆ పళ్లెం మాత్రం మళ్లీ వంటింటి గడప తొక్కకూడదని మా ఆవిడ శాసనం.

ఇంతకీ ఆ ముద్ద ఏం తిని పెరిగింది? నేను చేపలకు వేసిన మేత. క్లౌన్ చేపలు తిన్నది తిని అమోనియా విడుస్తాయి. రాళ్లలోని బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తాయి. మేతలోని భాస్వరం ఫాస్ఫేటై నీళ్లలో నిలుస్తుంది. నదిలో అయితే సముద్రంలో కలుస్తుంది, సముద్రమైతే లోతుల్లోకి దిగుతుంది. గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? వేసింది వేసినట్టు లోపలే ఉంటుంది, రూపం మారుతుందంతే. నాచు దాన్ని అందుకుని ఒంటికి పట్టించుకుంటుంది. నైట్రేటు దాకా కూడా ఆగదు. అమోనియా దొరికితే ముందు అదే లాగేస్తుంది.

లెక్క వేస్తే ముచ్చటేస్తుంది. నీళ్లు పిండిన నాచు 100 గ్రాములు తీశామనుకుందాం, గట్టి పిడికెడు. ఎండబెడితే సుమారు 10 గ్రాములు మిగులుతుంది. ఎండినదాంట్లో నత్రజని నూటికి మూడు పాళ్లని పెట్టుకుంటే 0.3 గ్రాము. నైట్రేటు లెక్కలోకి మార్చాలంటే 62తో హెచ్చవేసి 14తో భాగించాలి: 1.3 గ్రాముల పైచిలుకు వస్తుంది. 200 లీటర్ల ట్యాంకులో అది లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాములు. చాలామంది భయపడి నిద్ర మానుకునేంత నైట్రేటు ఆ పిడికిట్లో ఉందన్నమాట. కాకపోతే పిడికెడు ట్యాంకులోంచి బయటికొస్తేనే ఈ లెక్క చెల్లుతుంది. లోపలే ఒత్తుగా పెరిగి, అడుగుపొరకు వెలుతురందక కుళ్లితే తిన్నదంతా తిరిగి నీళ్లలోకే కక్కుతుంది. నాచు చేసేది పోగుచేయడం వరకే, మిగతా పని కత్తెరది. చూడ్డానికి బాగుందని కత్తెర పెట్టకుండా ఉంచేవాళ్ల మీద నాకు జాలి, వాళ్ల నాచు మీద ఇంకా జాలి.

ఈ కత్తెర సంగతి అందరికంటే ముందే గట్టిగా పట్టుకున్నవాడు అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ. పగడపు దిబ్బల మీద పొట్టి నాచు పరుచుకుని ఉంటుంది, చేపలు దాన్ని పొద్దస్తమానం గీకి తింటూనే ఉంటాయి, అది పెరుగుతూనే ఉంటుంది. ఆయన ఆ తంతునే తెచ్చి ట్యాంకు పక్కన పెట్టాడు. వల మీద నాచు పెంచి, కళ్లు జిగేలుమనే దీపాలు పెట్టి, నీళ్లను అలల్లా ఎగదోసి, కొన్నాళ్లకోసారి వలను గీకి పారేయడం. 1982లో పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన పెద్ద పగడపు అక్వేరియంలో మొదట వాడింది ఈ పద్ధతే. ఇందులో చిక్కు లేకపోలేదు: నాచు నీళ్లలోకి పసుపు రంగు విడుస్తుంది. బొగ్గు వడపోత పెట్టకపోతే పలచటి టీ డికాక్షన్ వెనకనుంచి చేపలను చూడాల్సి వస్తుంది. నా సంపులో బొగ్గు సంచి అందుకే వేలాడుతుంటుంది.

సరే, మళ్లీ సున్నా దగ్గరికి వస్తాను. పగడపు దిబ్బల చుట్టూ సముద్రం తేటగా ఉంటుంది. నైట్రేటు, ఫాస్ఫేటు కొలిస్తే దాదాపు ఏమీ ఉండవు. అంత పేద నీళ్లలో అంత కిక్కిరిసిన ప్రాణికోటి ఎలా బతుకుతోందన్న చిక్కుకు డార్విన్ పేరు పెట్టి, డార్విన్ వైరుధ్యం అంటారు. ట్యాంకులు పెట్టేవాళ్ల చెవికెక్కింది ఇందులో సగమే: నీళ్లలో ఏమీ ఉండకూడదు! పదకొండింటికి టిఫిన్ సెంటరుకు వెళ్లి, ఇడ్లీ గిన్నె ఖాళీగా ఉండటం చూసి, ఈ పేటలో ఇడ్లీ తినేవాళ్లు లేరని తేల్చేసినట్టుంటుంది ఇది. దిబ్బ మీదికి రాత్రనక పగలనక ప్లవకాలు కొట్టుకొస్తూనే ఉంటాయి, గుంపులు గుంపులుగా చేపలు విసర్జిస్తూనే ఉంటాయి, వచ్చింది వచ్చినట్టు ఏదో ఒక నోరు అందుకుంటూనే ఉంటుంది. పరీక్ష గొట్టానికి నిల్వ కనిపిస్తుంది, రాకపోకలు కనిపించవు. దిబ్బ దగ్గర నిల్వ సున్నా గానీ రాకపోకలు సంతలోకంటే ఎక్కువ. ఇంటి ట్యాంకులో నిల్వను సున్నా చేస్తే రాకపోకలు కూడా సున్నా అవుతాయి. వెనకాల తోసుకొచ్చే సముద్రం లేదు కదా.

నాకు తెలిసిన ఒకాయన ట్యాంకు చూస్తే ఆస్పత్రి ఆపరేషన్ గది గుర్తొస్తుంది. పెద్ద స్కిమ్మరు, ఫాస్ఫేటును పట్టి లాగేసే ఇనుప గుళికలు, నలకైనా దాటనివ్వని వడపోత సంచులు, వారం తిరిగేసరికి నీళ్ల మార్పు. చేపలకు మేత వేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది ఆయనకు. ఇన్నీ చేశాక, సంపులో వేసిన కీటో తెల్లబడిపోయిందని, దుకాణంవాడు కల్తీ సరుకు అంటగట్టాడని కోపం. "గురువుగారూ, దానికి మీరు తినడానికేం మిగిల్చారు?" అని అడిగాను. ఆయన నాకేసి నిస్పృహగా చూశారు. శుభ్రం చేసే పనిమనిషిని పెట్టుకుని, ఇంట్లో చెత్త లేదని జీతం ఎగ్గొట్టే పెద్దమనిషిలా కనిపించారు ఆ క్షణాన.

అన్నిటికంటే ఘోరం, సున్నా దగ్గర ఖాళీ ఖాళీగా ఉండదు. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ అడుగంటిన ట్యాంకుల్లోనే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు చేరేది ఎక్కువ. బుడగలు తగిలించుకున్న గోధుమరంగు జిగట ఇసుక మీద పరుచుకుంటుంది, రాత్రి పల్చబడుతుంది, పొద్దున్నే మళ్లీ హాజరు. కొన్ని రకాలు తిన్న నత్తలను చంపేస్తాయి కూడా. పోటీకి నాచూ లేక, బాక్టీరియా కూడా నీరసించిపోతే, ఆకలికి అందరికంటే ఎక్కువ తట్టుకున్నవాడిదే రాజ్యం. అందుకే లీటరుకు నైట్రేటు అయిదు నుంచి పది మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.05 నుంచి 0.1 దాకా కనిపిస్తే నా మనసు నిమ్మళంగా ఉంటుంది.

ఈ రెండింటి మధ్య పొత్తు ఇంకో ముచ్చట. సముద్రంలో తేలే సూక్ష్మ మొక్కల ఒంట్లో కర్బనం, నత్రజని, భాస్వరం 106, 16, 1 పాళ్లలో ఉంటాయని రెడ్‌ఫీల్డ్ పేరున ఒక నిష్పత్తి ప్రసిద్ధం. నేలనంటుకుని పెరిగే సముద్రపు మొక్కలను రకరకాల చోట్ల నుంచి తెచ్చి చూసి, వీటి పాళ్లు వేరని 1983లో ఆట్కిన్సన్, స్మిత్ లెక్క తేల్చారు: 550, 30, 1. అంటే ఒక పాలు భాస్వరానికి ముప్ఫై పాళ్ల నత్రజని కావాలి. మనం వేసే ఫ్రీజరు మేతలో భాస్వరం దండిగా ఉంటుంది. కాబట్టి నాచు జోరుగా పెరిగే ట్యాంకుల్లో ముందు నైట్రేటు నిండుకుంటుంది, ఫాస్ఫేటు మిగిలిపోతుంది, నాచు ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పుడు చేయాల్సిన పని వింటే కొత్తవాళ్లు నమ్మరు. నైట్రేటు కొని పోయాలి. నిన్నటిదాకా శాపనార్థాలు పెట్టిన నైట్రేటునే! పొటాషియం నైట్రేటు, అంటే దీపావళి మందుల్లో కలిపే సురేకారం, శుద్ధి చేసినది నీళ్లలో కరిగించి కొలిచి కొలిచి వేస్తారు. నైట్రేటు పోయడానికి పాతకాపులు కూడా ముందూవెనకా ఆడతారు, మడి విడిచినట్టు బాధపడతారు.

నైట్రేటు ఉంది, ఫాస్ఫేటు ఉంది, అయినా కీటో పసుపు తిరిగిందంటే ఇనుము కోసం చూడాలి. కిరోసిను దీపమంత వెలుతురు పెట్టి ఇనుము గురించి ఆలోచించడం మాత్రం వృథా. ముందు దీపం సరిచేయాలి. పత్రహరితం ఇష్టపడేది నీలంలో 450, ఎరుపులో 660 నానోమీటర్ల దగ్గరి వెలుతురును. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందే ఇంకిపోతుంది. సంపులో లోతు జానెడే కాబట్టి ఆ బెంగ లేదు. మొక్కల కోసం అమ్మే ఎరుపు, నీలం కలిసిన ఎల్ఈడీ దీపం చక్కగా పనికొస్తుంది. దాన్ని నేను రాత్రిపూట వెలిగిస్తాను. పైన ట్యాంకులో దీపాలు ఆరగానే అందరూ ప్రాణవాయువు పీల్చి బొగ్గుపులుసు గాలి వదులుతారు, తెల్లారేసరికి నీళ్ల పీహెచ్ దిగిపోతుంది. కింద నాచు ఆ గాలిని అందుకుంటే దిగుడు తగ్గుతుంది. పైవాళ్లకు రాత్రి, కిందవాళ్లకు పగలు.

దీనివల్ల వచ్చిన చిక్కల్లా మా అపార్టుమెంటు వాచ్‌మన్‌తోనే. రాత్రంతా బాల్కనీ తలుపు సందులోంచి గులాబీ ఊదా కలిసిన వెలుతురు బయటపడుతుంటే ఆయన గమనించాడు. ఏజెన్సీ నుంచి ఏమేం దిగుతున్నాయో రోజూ పేపర్లో చదివే మనిషి. ఒక పొద్దున్న లిఫ్టు దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "బాబుగారూ, లోపలేటైనా పండిత్తన్నారేటండీ?" అన్నాడు. తీసుకెళ్లి తలుపు తెరిచి చూపించాను. వంగి చాలాసేపు చూశాడు. "నాచేనా!" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే నిరాశ వినిపించింది.

వెలుతురు తర్వాత కదలిక. దీని గురించి చెప్పాలంటే మా ఊరి రాళ్ల దగ్గరికి వెళ్లాలి. నీళ్లు బాగా దిగిన పొద్దున తెన్నేటి పార్కు కిందనో, రుషికొండ అవతలనో, భీమిలి దారిలోనో నల్లరాళ్ల మీద కాలు జారకుండా నడిస్తే నా సంపులోదాని జ్ఞాతులు కనిపిస్తారు. కీటోమార్ఫా ఆంటెన్నినా రాతి అంచుల్లో, అల నెత్తిన పడి పగిలేచోటే, కుచ్చులు కుచ్చులుగా నిటారుగా నిలబడుతుంది. నాలుగడుగులు వెనక్కి, నీళ్లు నిలిచిన మడుగులో చూడండి, ఉండదు. అక్కడ పల్చటి ఉల్వా ఆకులు తేలుతుంటాయి. గ్రాసిలేరియా ఎర్రటి కొమ్మలు మరో చోట, గోధుమరంగు సర్గాసం ఇంకాస్త లోపలికి. ఎవరి గట్టు వాళ్లది. ఈ రాళ్లను ఆంధ్రా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రవేత్తలు ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు శ్రద్ధగా చదివారు. వాళ్ల పత్రం 1964లో జర్నల్ ఆఫ్ ఎకాలజీలో వచ్చింది. ఊరంతా బీచికి వెళ్లి సముద్రంకేసి చూస్తుంటే, వాళ్లు కాళ్ల కిందికి చూశారు.

ఆంటెన్నినా అంత దెబ్బలు తినే చోటే ఎందుకు కోరుకుంటుంది? నాచు ఒంటిని అంటిపెట్టుకుని కదలని పల్చటి నీటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొరలో ఉన్నది తినేశాక, బయట ఎంత ఉన్నా నోటికందదు. అల వచ్చి ఆ పొరను తుడిచేస్తే కొత్త నీళ్లు ఒంటికి తగులుతాయి. సంపులో నీళ్లు నెమ్మదిగా పారితే ముద్ద పైన దుమ్ము పేరుకుంటుంది, నడుమ ఆకలితో మాడుతుంది. అడుగున చిన్న పంపు పెట్టి ముద్ద మెల్లగా దొర్లేలా చేస్తే అన్ని పక్కలకూ వెలుతురు, అన్ని పక్కలకూ తిండి. ఎరువుల సీసాలు కొనేముందు ఈ ఒక్క పంపు కొనమంటాను. ఒడ్డునుంచి గుప్పెడు పీక్కొచ్చి వేస్తే పోలేదా అని అడుగుతారు. అలల దెబ్బకు అలవాటుపడ్డ ఆంటెన్నినా సంపులో బతకదు. దానితోపాటు ఏ పీతపిల్ల వస్తుందో, అది పెద్దదై ఎవరిని తింటుందో చెప్పలేం.

మిగతా జాతుల గురించి పెద్దగా చెప్పను. హాలిమెడా అందగత్తె, బిళ్లలు బిళ్లలుగా గుచ్చిన పచ్చటి గొలుసులు. కానీ ఒంట్లో సున్నం నింపుకుంటుంది కాబట్టి పగడాలకు కావాల్సిన కాల్షియం తనే మింగుతుంది. గ్రాసిలేరియా పెంచడం నాచు మేసే టాంగ్ చేప ఉన్నవాళ్లకు లాభం. మనుషులూ వదల్లేదు దాన్ని. కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని అమ్మే అగర్ ఈ ఎర్రనాచు కుటుంబాల నుంచే వస్తుంది. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ తీరాన ఆడవాళ్లు నీళ్లలో మునిగి ఏరేది అలాంటిదే.

కాలెర్పాను మాత్రం ఇంత తేలిగ్గా దాటిపోలేను. ఈకల్లాంటి ఆకులు, పాకే తీగ, అతుక్కునే వేళ్లు, చూస్తే మొక్కే. అదంతా కలిపి ఒకే ఒక్క కణం. లోపల గోడల్లేవు. లెక్కలేనన్ని కేంద్రకాలు ఒకే జీవద్రవంలో కలిసి కాపురం చేస్తుంటాయి. తెగితే గాయాన్ని నిమిషాల్లో పూడ్చుకుని రెండు కణాలుగా బతుకుతుంది. కీటో కంటే చురుగ్గా పెరుగుతుంది, సాకడం తేలిక. అయితే ఎప్పుడో ఒకనాడు, ఏ వెలుతురు మార్పుకో, ఏ ఆకలికో, సంతానం మీదికి మనసు పోతుంది. ఉన్న జీవద్రవమంతా బీజకణాలుగా మార్చేసుకుని తెల్లవారుజామున ఒక్కసారిగా నీళ్లలోకి వదిలేస్తుంది. తనకంటూ ఏమీ దాచుకోదు. పనామా కరీబియన్ తీరంలో ఇలాంటి పచ్చనాచులు ఏ జాతికాజాతి తన వేళకు బీజాలు వదలడాన్ని కెన్నెత్ క్లిఫ్టన్ 1997లో సైన్స్ పత్రికలో వర్ణించాడు. సముద్రంలో అది వేడుక. 200 లీటర్ల ట్యాంకులో ప్రమాదం: నీళ్లు పచ్చటి మజ్జిగలా మారతాయి, నెలల తరబడి పోగుచేసిందంతా ఒక్కపూటలో తిరిగొస్తుంది, ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లటి ఖాళీ తొడుగులు తేలుతుంటాయి. క్రమం తప్పకుండా కోసేవాళ్ల ఇళ్లలో ఈ గండం అరుదు.

కాలెర్పా చేసిన అల్లరి ఇంటితో ఆగలేదు. కాలెర్పా టాక్సిఫోలియా మా విశాఖ రాళ్ల మీద కూడా నమోదైన జాతే. ఇక్కడ దాని మానాన అది ఉంటుంది, పది జాతుల్లో ఒకటి. జర్మనీలో స్టుట్‌గార్ట్ జంతుశాల అక్వేరియంలో చలికి తట్టుకునే రకం ఒకటి తయారైంది. 1984లో మొనాకో సముద్ర పరిశోధన మ్యూజియం కింద, మధ్యధరా సముద్రంలో, సుమారు చదరపు మీటరు మేర అది కనిపించింది. అలెగ్జాండర్ మెనెజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇది మంచికి రాలేదని గొంతు చించుకుంటుంటే, ఎలా వచ్చిందో, ఎవరి బాధ్యతో అని వాదులాడుకుంటూ ఏళ్లు గడిపారు. ఈలోగా అది ఫ్రాన్సు, ఇటలీ తీరాల అడుగున వేల ఎకరాల పచ్చిక పరిచేసింది. 2000లో కాలిఫోర్నియాలో కార్ల్స్‌బాడ్ దగ్గర ఒక మడుగులో అదే రకం బయటపడింది. అక్కడివాళ్లు మాటలతో కాలక్షేపం చేయలేదు. పట్టాలు కప్పి, అంచులు బిగించి, లోపలికి క్లోరిను వదిలి చంపారు. 2006లో పూర్తిగా పోయిందని ప్రకటించేసరికి లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. ఎవరో ట్యాంకు కడిగి బకెట్టు కుమ్మరించిన ఖరీదు అదని అనుమానం.

అందుకే కోసిన నాచును ఏం చేయాలన్నది నాకు పెంచడమంత ముఖ్యమైన ప్రశ్న. కీటోలో సగం అడిగినవాళ్లకు పంచేస్తాను. ఈ వ్యసనంలో ఉన్నవాళ్లు మిగతా అన్నిటికీ బేరం ఆడతారు గానీ కీటోకు డబ్బు అడగడం నామోషీగా భావిస్తారు. ఎంవీపీ కాలనీ నుంచి ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు స్కూటరు మీద వస్తుంటాడు. "అంకుల్, పాడ్స్ ఉన్న ముద్దే ఇవ్వండి" అని షరతు. పళ్లెంలో వేసి చూపిస్తే తప్ప కవరులో పోయనివ్వడు. ఇచ్చేముందు ఒక్కో పోగూ విడదీసి, పారదర్శకంగా పూలలా విచ్చుకునే ఐప్టేసియా అనే పీడ ఆనిమోన్ పిల్లలు అతుక్కున్నాయేమో చూస్తాను. ఒకటి వెళ్లిందంటే ఆ కుర్రాడి ట్యాంకు నిండా అవే.

మిగతా సగం మంచినీళ్లలో బాగా జాడించి, ఎండబెట్టి, మా ఎదురింటి పిన్నిగారి మందార కుండీల్లోకి ఇస్తాను. ఉప్పు పోయేదాకా జాడించకపోతే మందారం సంగతి నాకు తెలియదు గానీ పిన్నిగారి సంగతి తెలుసు. కాలెర్పా కోసినప్పుడు మాత్రం కుండీకీ ఇవ్వను, సింకులోకీ పోనివ్వను. వేలెడంత ముక్క బతికితే చాలు దానికి, మురుగు కాలవ ఆ చివర సముద్రమే. కవరులో మూట గట్టి, ఒక రాత్రీ పగలూ డీప్ ఫ్రీజరులో పడేసి, పూర్తిగా చచ్చిందనుకున్నాకే చెత్తబండికి వేస్తాను. ఐస్‌క్రీము డబ్బా పక్కన ఆ పచ్చటి మూట ఎందుకుందని ఇంట్లో ప్రతిసారీ విచారణ జరుగుతుంది. మొనాకో సంగతి, కార్ల్స్‌బాడ్ సంగతి తారీఖులతో సహా విన్నవించుకున్నాను. తీర్పు వచ్చింది: నాచుకు వేరే ఫ్రిజ్జు కొనుక్కోవాలట.